వాల్తేరులో గీసిన రంగులు

గుల్ల లేని సముద్రపు నత్తల అందమంతా ప్రాణం ఉన్నంతసేపే. స్పిరిట్ సీసాలో వేశామా, రంగు కరిగి ద్రవంలోకి దిగిపోతుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది, వీపు మీద విచ్చుకుని ఉన్న మొప్పలు ముడుచుకుపోతాయి. కొన్నాళ్లకు అడుగున మిగిలేది పాలిపోయిన ఒక ముద్ద. అది ఎర్రగా ఉండేదో నీలంగా ఉండేదో చెప్పమంటే పట్టి తెచ్చినవాడు కూడా తడుముకుంటాడు. శంఖాలూ గవ్వలూ ఏరేవాళ్లకు ఈ బాధ లేదు. లోపలి జీవి పోయినా గుల్ల నిలుస్తుంది, దాని రంగూ చాలావరకు నిలుస్తుంది. యూరప్ సంపన్నుల ఇళ్లలో బీరువాల నిండా గవ్వలు పేర్చుకున్న కాలంలో గుల్ల లేని నత్తల జోలికి పోయినవాళ్లు తక్కువ. దాచుకుని నలుగురికీ చూపించడానికి అందులో ఏముంది?

వీటిని శాస్త్రవేత్తలు నుడిబ్రాంకులు అంటారు. మొప్పలు ఏ కప్పూ లేకుండా బయటికే ఉంటాయి కనుక ఆ పేరు. ప్రపంచ సముద్రాల్లో వీటి జాతులు సుమారు 3,000 దాకా ఉన్నాయని అంచనా. వాటిలో ఒకదాని పేరు కళింగ ఆర్నాటా. శాస్త్రలోకానికి దాన్ని మొదట అందించింది మన వాల్తేరు తీరం. పేరు పెట్టింది మాత్రం ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాజిల్‌లో ఉన్న ఇద్దరు స్నేహితులు. వాళ్లు ఆ జీవిని ప్రాణంతో ఒక్కసారి కూడా చూడలేదు.

ముందు జీవి సంగతి చెప్పాలి. నుడిబ్రాంకుల్లో చాలావాటిని వేలి కొన మీద పెట్టుకోవచ్చు. ఇది అలా కాదు, పూర్తిగా ఎదిగితే పది సెంటీమీటర్లు దాటుతుంది, అరచేయంతా ఆక్రమిస్తుంది. ఒళ్లు తెల్లగా, వెలుతురు లోపలికి చొరబడేంత పలచగా ఉంటుంది. దాని మీద ఎరుపూ పసుపూ కలిసిన బుడిపెలు, కొన్ని పెద్దవి, కొన్ని చుక్కంత. తల ముందు అంచున చిన్న చిన్న కొమ్మలు వేసిన తెర ఉంటుంది. దాని వెనక రెండు కొమ్ములు, నీళ్లలోని వాసనను పసిగట్టడానికి. వీపు మీద కొమ్మలు కొమ్మలుగా చీలిన మొప్పలు. ఉండేది ఇసుకా బురదా కలిసిన సముద్రపు అడుగున. పగడపు దిబ్బల మధ్య ఈదే డైవర్ల కెమెరాలకు ఇది అరుదుగా దొరకడానికి కారణం అదే. ట్రాల్ వలలకు మాత్రం బాగానే దొరుకుతుంది.

దీని తిండి విచిత్రం. నుడిబ్రాంకుల్లో ఎక్కువ భాగం స్పాంజ్‌లనో, రాళ్లకు అంటిపెట్టుకుని బతికే మెత్తటి జీవులనో తింటాయి. కదలని తిండి అన్నమాట. కళింగ ఆర్నాటా తినేది పెళుసు తారలను. ఇవి సముద్ర నక్షత్రాలకు దగ్గరి చుట్టాలు. సన్నటి పొడుగాటి చేతులను పాములా మెలికలు తిప్పుతూ పాకుతాయి, చెయ్యి ఎక్కడైనా చిక్కుకుంటే దాన్ని అక్కడికక్కడే తెంపుకుని పారిపోతాయి. అంత చురుకైన జీవిని ఈ మెల్లటి నత్త తినడమే వింత. పైగా ఆ పెళుసు తారకు ఒళ్లంతా సున్నపు పలకలే. నుడిబ్రాంకుల్లో ఇలాంటి భోజనప్రియులు చాలా కొద్ది.

ఇక వాల్తేరుకు వస్తే, ఈ కథ నడిపించినవాడు వాల్టర్ ఎలియట్. 1803లో ఎడిన్‌బర్గ్‌లో పుట్టాడు, మద్రాసు సివిల్ సర్వీసులో చేరాడు, 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారులకు కమిషనర్. మన చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు అమరావతి దగ్గర తగులుతుంది. 1845లో స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలను మద్రాసుకు చేర్పించింది ఆయనే. అవి తర్వాత లండన్‌కు వెళ్లాయి, ఎలియట్ మార్బుల్స్ అనిపించుకున్నాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఏ రాయి ఎక్కడ ఏ తీరున దొరికిందో సరైన నివేదిక అప్పుడే ప్రచురించి ఉంటే బాగుండేదని పురావస్తు పరిశోధకులు ఇప్పటికీ నొచ్చుకుంటారు. నాణేలు, శాసనాలు, పక్షులు, చెట్లు, ఆయన వేలు పెట్టని విషయం లేదు. తెలుగు జిల్లాల్లో మొక్కలను జనం ఏ పేర్లతో పిలుస్తారో సేకరించి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అనే పుస్తకం అచ్చువేశాడు. పెంపుడు పావురాల మీద పని చేస్తున్న చార్లెస్ డార్విన్ ఇండియా పక్షుల చర్మాలు కావాలని రాస్తే పంపాడు. ఉడుత లాంటి ఒక చిన్న జంతువు ఇప్పటికీ శాస్త్రంలో ఆయన పేరునే మోస్తోంది.

అమరావతిలో జరిగిన లోటు వాల్తేరు ఒడ్డున జరగలేదు. సముద్రపు జీవులను స్పిరిట్‌లో వేసి ఊరుకోకుండా, ప్రాణం ఉండగానే స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు రంగుల్లో వేయించాడు. ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఇదేనని నాకనిపిస్తుంది. నత్త జాతులు కొత్తవి రోజూ దొరుకుతాయి. ఈ మాయమైపోయే రంగును కాగితం మీదకు దించి, అదే జీవి శరీరాన్ని కూడా సీసాలో దాచి, రెండింటినీ ఓడలో ఇంగ్లండ్ దాకా చేర్చాలన్న ఆలోచన ఆ రోజుల్లో అందరికీ రాలేదు.

ఆ పని ఎంత కష్టమో ఊహించండి. నుడిబ్రాంకును నీళ్లలోంచి పైకెత్తితే ఆకారమే ఉండదు, తడి గుడ్డ పేలికలా కూలబడుతుంది. గాజు పాత్రలో ఉప్పునీళ్లు పోసి అందులో వదిలి, అది స్థిమితపడి కొమ్ములు చాచి మొప్పలు విప్పేదాకా ఆగాలి. విప్పాక అది ఊరికే ఉండదు, పాకుతూనే ఉంటుంది. మన ఎండకు నీళ్లు వేడెక్కితే చస్తుంది. ఆ వ్యవధిలో బుడిపె ఎక్కడ ఎర్రగా ఉందో, ఎక్కడ పసుపుకు తిరిగిందో చూసి రంగు కలపాలి. గీసినవాళ్లు కళాశాలల్లో జంతుశాస్త్రం చదివినవాళ్లు కారు. కళ్లముందు ఉన్నదాన్ని ఉన్నట్టు వేయడం మాత్రం తెలిసినవాళ్లు.

సీసాలూ బొమ్మలూ చేరింది జాషువా ఆల్డర్, ఆల్బనీ హాన్‌కాక్‌ల దగ్గరికి. ఇద్దరూ న్యూకాజిల్ ప్రాంతం వాళ్లే. ఆల్డర్ సరుకుల వ్యాపారం చేసి విరమించుకున్నవాడు, హాన్‌కాక్ వకీలు పనికి తర్ఫీదు పొంది ఆ పని వదిలేసినవాడు. దగ్గర్లోని కల్లర్‌కోట్స్ అనే జాలరిపల్లె ఒడ్డున రాళ్ల సందుల్లో నుడిబ్రాంకులు ఏరేవారు. వాటిని గాజు పాత్రల్లో బతికించి, చూస్తూ బొమ్మలు వేసి, బ్రిటన్ నుడిబ్రాంకుల మీద 1845 నుంచి 1855 దాకా భాగాలు భాగాలుగా ఒక మహాగ్రంథం వెలువరించారు. రంగు బొమ్మల కోసమే ఇప్పటికీ దాన్ని తిరగేసేవాళ్లున్నారు. 1857లో ఆల్డర్ డబ్బు దాచుకున్న బ్యాంకు కూలిపోయింది, సర్వస్వం పోయింది. మిత్రులు పూనుకుని ప్రభుత్వ పింఛను ఇప్పించారు. ఆ మరుసటి ఏడు హాన్‌కాక్‌కు రాయల్ సొసైటీ పతకం వచ్చింది. వాల్తేరు సరుకు విలువ తెలిసినవాళ్లు అప్పట్లో ప్రపంచంలో ఎవరైనా ఉన్నారంటే వీళ్లే.

బొమ్మ చాలదా, శరీరం ఎందుకు అని అడగవచ్చు. ఎందుకో ఆ సీసాలే చెప్పాయి. నుడిబ్రాంకుల నోట్లో సాధారణంగా సూక్ష్మమైన పళ్ల వరుసలున్న పట్టీ ఒకటి ఉంటుంది, ఆకురాయితో చెక్కను రాసినట్టు దానితో తిండిని రాసి రాసి తింటాయి. ఆ పళ్ల ఆకారం జాతికొక తీరుగా ఉంటుంది. పైకి మామూలు నుడిబ్రాంకుల్లాగే కనిపించే కొన్నింటిని హాన్‌కాక్ కోసి చూస్తే లోపల ఆ పట్టీయే లేదు. దవడలూ లేవు. మెత్తటి గొట్టంలాంటి నోరు మాత్రమే ఉంది, దానితో స్పాంజ్‌ను పీల్చుకుని తింటాయి. బయటి బొమ్మ ఎంత చక్కగా వేసినా ఈ సంగతి అందులో కనపడదు. వీటి కోసం ఇద్దరూ డోరిడాప్సిస్ అని కొత్త ప్రజాతినే ఏర్పరిచారు. దాని శరీర నిర్మాణం మీద 1865లో హాన్‌కాక్ విడిగా ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆ గుంపుకు అంతకుముందే ఇంకొకరు వేరే పేరు పెట్టి ఉన్నారని తేలి, తర్వాతి వాళ్లు ఆ ప్రజాతి పేరును పక్కన పెట్టేశారు. కోసి చూసి చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది.

వాల్తేరు జీవుల మీద ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ ట్రాన్సాక్షన్స్‌లో వచ్చింది. ఇండియాలో వాల్టర్ ఎలియట్ సేకరించిన నుడిబ్రాంకుల గురించిన నివేదిక అని దాని శీర్షిక, వెనక రంగుల ఫలకాలు. కళింగ ఆర్నాటా అందులోదే. కళింగ అనేది కొత్త ప్రజాతి, ఆర్నాటా అంటే అలంకరించుకున్నది. న్యూకాజిల్‌లో కూర్చున్నవాళ్లకు కళింగం తానుగా తట్టి ఉంటుందని నేననుకోను. శాసనాలు చదివే కమిషనర్ ఉత్తరాల్లోంచే వచ్చి ఉంటుంది. ఆ వ్యాసంలోని మరికొన్ని జాతులూ నేటికీ నిలిచాయి: డోరియాప్సిల్లా మినియాటా, ప్లాటిడోరిస్ ఫార్మోసా, ఫిడియానా మిలిటారిస్. ఇప్పుడు ప్లాటిడోరిస్ ఎలియటై అంటున్న ఒకదానికి కమిషనర్‌గారి పేరే పెట్టారు.

చిత్రకారుల పేరు దేనికీ పెట్టలేదు. అప్పట్లో ఆ ఆచారమే లేదనడానికి వీల్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోనే వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ తన దగ్గర బొమ్మలు వేసిన గోవిందు పేరు మీద 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు పెట్టాడు. అది కూడా తర్వాత వేరే పేరులో కలిసిపోయిందనుకోండి. అయినా పెట్టాలన్న మనసు ఆయనకు కలిగింది. వాల్తేరు నత్తల్లో ఒక్కదానికైనా అలాంటి గౌరవం దక్కాల్సింది.

బొమ్మా శరీరమూ విడిపోతే ఏమవుతుందో సింహళం చెబుతుంది. అక్కడే పుట్టిన వైద్యుడు ఎడ్వర్డ్ ఫ్రెడరిక్ కెలార్ట్ సరిగ్గా అదే కాలంలో నుడిబ్రాంకులను పోగుచేశాడు. ప్రాణంతో ఉన్నవాటిని చూసి, రంగులు చెబుతూ పొట్టి పొట్టి వర్ణనలు ప్రచురించాడు. 1860లో ఓడ ప్రయాణంలో పోయాడు. గులాబీ రంగు ఒళ్లు, అంచున పసుపు గీత లాంటి వర్ణన ఒకటి చేతికిస్తే, అది వర్తించే జీవులు హిందూ మహాసముద్రంలో ఎన్నో ఉంటాయి. కోసి చూడ్డానికి సరైన నమూనా లేకపోతే ఆయన చెప్పింది వాటిలో దేన్నో తేల్చడం గగనం. కెలార్ట్ వేయించిన బొమ్మలు చివరికి న్యూకాజిల్‌కే చేరాయి.

నలభై ఏళ్ల తర్వాత ఆ బొమ్మలనూ సీసాలనూ ముందేసుకుని కూర్చున్నవాడు చార్లెస్ ఎలియట్. మన కమిషనర్‌కు చుట్టరికం ఏమీ లేదు, ఇంగ్లీషులో ఇంటిపేరు అక్షరాలూ వేరే. యాదృచ్ఛికంగా ఈయనా కమిషనరే, బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాకు. దౌత్యం వృత్తి, నుడిబ్రాంకులు వ్యసనం. హిందూ బౌద్ధ మతాల మీద మూడు సంపుటాలు రాసినవాడు, తర్వాత జపాన్‌లో బ్రిటిష్ రాయబారి. న్యూకాజిల్‌లోని హాన్‌కాక్ మ్యూజియంలో దాచిన దక్షిణ భారత, సింహళ నమూనాలను పరిశీలించి 1906లో ఒక వ్యాసం ప్రచురించాడు, కెలార్ట్ పేర్లలో ఏది ఏ జీవిదో విప్పడానికి చూశాడు. వాల్తేరు జాతుల విషయంలో పని సులువు, ఎందుకంటే బొమ్మా ఒళ్లూ రెండూ ఉన్నాయి. 1931లో తూర్పు నుంచి తిరిగి వస్తూ మలక్కా జలసంధిలో ఓడ మీదే కన్నుమూశాడు, సముద్రంలోనే ఖననం చేశారు.

కళింగ ఆర్నాటా శరీరాన్ని పూర్తిగా విప్పి చెప్పిన పని మాత్రం ఇక్కడే జరిగింది. 1936లో కలకత్తా నుంచి వెలువడే రికార్డ్స్ ఆఫ్ ది ఇండియన్ మ్యూజియంలో కె.వి. రావుగారు ఈ ఒక్క జీవి నిర్మాణం మీదే దాదాపు నలభై పేజీల వ్యాసం రాశారు. ఒకప్పుడు ఇక్కడి నుంచి సీసాలు అక్కడికి వెళ్తే తప్ప తెలియని సంగతులు, ఇక్కడి బల్ల మీదే తేలడం మొదలైంది.

రంగు ఎందుకన్న ప్రశ్నకు ఆల్డర్, హాన్‌కాక్‌ల తరం దగ్గర జవాబు లేదు. ఒకరి అందం ఒకరు చూసుకోవడానికి కాదని ఇప్పుడు తెలుసు. నుడిబ్రాంకుల కళ్లు చర్మం కింద పూడిపోయిన చుక్కలు, వెలుగూ చీకటీ తప్ప బొమ్మ చూడలేవు. జతను వెతుక్కునేది కొమ్ములతో, వాసన పట్టి. ప్రతి ఒక్కటీ ఆడా మగా రెండూ, కనుక ఎదురైన తనజాతి జీవి ఏదైనా జత కాగలదు. గుడ్లను జిగురు రిబ్బనులా చుట్టలు చుట్టి పెడతాయి. వాటిలోంచి వచ్చే డింభకానికి బుల్లి గుల్ల ఉంటుంది! నీళ్లలో తేలుతూ తిరిగి, అడుగున దిగి రూపం మారేటప్పుడు దాన్ని వదిలేస్తుంది. గుల్ల వదిలేసిన మెత్తటి ఒంటికి కాపలా కావాలి. చాలా జాతులు తిన్న స్పాంజ్‌లలోని చేదు, విష పదార్థాలను తమ చర్మంలో దాచుకుంటాయి. ఒకసారి కొరికి ఉమ్మేసిన చేప మళ్లీ ఆ రంగు జోలికి రాదు. కొన్నింటి దారి వేరు: కళింగ కుటుంబంలోనే ప్లోకమోఫెరస్ అనే ప్రజాతి జీవులు తాకితే మెరుపులా వెలుగు చిమ్ముతాయి.

వాల్తేరు సేకరణలోని ఫిడియానా మిలిటారిస్ తరహా జీవులది ఇంకో కథ. వీటి వీపు మీద మొప్పల గుత్తి ఉండదు, వేళ్లలాంటి పోగులు వరుసలుగా ఉంటాయి. ఆ పోగుల కొసల్లో కుట్టే కణాలు దొరికాయి. జెల్లీచేపలకు ఉండేలాంటివే. నత్తకు కుట్టే కణాలేమిటి? అవి దాని సొంతమేనని చాలామంది నమ్మారు. కావేమో, తిన్న జీవుల నుంచి వచ్చినవేమోనని ఎడిన్‌బర్గ్‌కు చెందిన స్ట్రెథిల్ రైట్ 1860 ప్రాంతంలో అంటే పెద్దగా ఎవరూ నమ్మలేదు. 1903లో గ్రోవెనర్ అనే పరిశోధకుడు దాన్ని రుజువు చేశాడు: ఈ నత్తలు కుట్టే జీవులను తింటాయి, వాటి కుట్టే కణాలను జీర్ణం చేసుకోకుండా పేగుల దారిన పోగుల కొసలకు పంపి సంచుల్లో నిల్వ చేస్తాయి, శత్రువు తగిలితే వాటిని విసురుతాయి. ఎవరి ఆయుధమో, ఎవరి చేతిలోనో!

కళింగ ఆర్నాటాకు ఇంకా తేలని లెక్క ఒకటి ఉంది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి జపాన్, ఆస్ట్రేలియా దాకా దొరికినవన్నిటినీ ఈ ఒక్క పేరు కిందే రాస్తున్నారు. ఆ ప్రజాతిలో ఉన్నది ఒకే జాతి. ఇంత విశాలంగా పరుచుకున్న నుడిబ్రాంకు జాతులను డీఎన్ఏతో పరీక్షిస్తే ఒకటి రెండో మూడో అయిన సందర్భాలు ఈ మధ్య చాలా వచ్చాయి. దీనికీ అలా జరిగితే, నామకరణ నియమం ప్రకారం కళింగ ఆర్నాటా అనే పేరు మొదట వర్ణించిన చోటి జీవికే ఉండాలి. జపాన్‌దానికో ఆఫ్రికాదానికో కొత్త పేరు వెతుక్కోవాల్సిందే. నూట అరవై ఏళ్ల నాటి స్పిరిట్ నమూనాలోంచి డీఎన్ఏ రాబట్టడం కంటే సులువైన దారి ఉంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు చేరే ట్రాలర్లలో అమ్ముడుపోని సరుకుగా పక్కకు నెట్టేసే కుప్పల్లో వెతకవచ్చు. ఒకటి దొరికితే ఉప్పునీళ్లలో పెట్టి, మొప్పలు విప్పేదాకా ఆగి, ముందు ఫొటో తీసి, ఆ తర్వాతే చిన్న ముక్క కోసి స్పిరిట్‌లో వేయాలి.